చిల్లర పెళ్ళి

హలో… ఆ, నేనే.

వినబడుతోందా తల్లీ?… ఉండు, వరండాలోకి వస్తున్నాను. గదిలో సరిగ్గా అందదు… ఆ. ఇప్పుడు?… హమ్మయ్య.

యావుందేలోనే ఉన్నాను. అదే గెస్ట్‌హౌసు, అదే కుంటి మంచం. … లేదమ్మా, ఇవాళ బయల్దేరలేను. రేపు పొద్దున సంతకాలు. అవి అయ్యాక బండి ఇస్తారట. చీకటి పడేలోగా మన ఊరు ఓయెమ్ చేరిపోతాను.

అది తర్వాత. ముందొకటి చెప్పు. ఇవాళ తారీఖెంత?… ఊఁ, పదిహేడు. ఏ నెల?… మరి పొద్దున ఏం తిన్నావు?… రొట్టా? నవంబరు పదిహేడున రొట్టె తిన్నావా?

… ఆ. ఇప్పుడు గుర్తొచ్చింది డాక్టరమ్మకి. బొండాలు, చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న జావ. మీ అమ్మ ఉంటే నీ చెవి మెలిపెట్టేది.

నేను తిన్నాను. … నిజంగా, నీ మీదొట్టు. ఈ వీధి చివర ఒకావిడ మూకుడు పెట్టుకుని కూర్చుంటుంది. రెండు పొట్లాలు కట్టమన్నాను. ‘రెండోది ఎవరికి తాతా?’ అంది. మా ఆవిడకి అన్నాను. రెండో పొట్లంలో వేడివి ఏరి వేసింది, ఒకటి ఎక్కువ కూడా వేసింది. … చెప్పలేదమ్మా. పొద్దున్నే నూనె ముందు కూర్చున్న మనిషికి, మా ఆవిడ పోయి నాలుగేళ్ళయిందని చెప్పి ఏం చేస్తాను. తీసుకున్నాను. ఇదిగో, ఇక్కడే ఉంది నా పక్కన. చల్లారిపోయాయిలే.

నువ్వెక్కడున్నావు?… వార్డులోనేనా. ఆ కూత వినబడుతోంది, రక్తం కడిగే యంత్రాలదే కదా. రెండో షిఫ్టు ఇంకా అవలేదా?… అరగంటా. ఎవరెవరున్నారు?… ఆ… ఆ… ఎస్సొనో బావ కూడా ఉన్నాడా. ఏం చేస్తున్నాడు?… పడుకున్నాడా. పోన్లే, లేపకు.

మీటింగు… అయిందమ్మా. సాయంత్రం అయింది. … చెప్తాను. ఎనిమిదింటికి రేడియోలో వస్తుంది. రేడియో కంటే ముందు నా నోటితో చెప్పాలని అప్పట్నించీ చేస్తూనే ఉన్నాను. … రౌండ్లో ఉన్నావా. సరే, ఇప్పుడు నువ్వే చేశావుగా.

సగం చెయ్యట్లేదు.

… అవును. ఫ్రాంకు విలువ ముట్టుకోవట్లేదు. ఎంతుందో అంతే ఉంటుంది. … నిజం. ఆరు దేశాలూ ఒప్పుకున్నాయి. … నేనెందుకు అబద్ధం చెప్తాను?

… నవ్వు, నవ్వు. నువ్వు నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. … చెప్పు, చెప్పు, సిస్టర్లకి చెప్పు… ఎవరు చప్పట్లు కొట్టింది?… పంతులమ్మ ఓయానా. ఒక చేతికి సూది ఉంటే చప్పట్లెలా కొట్టింది?… తొడ మీదా. గట్టి మనిషి.

తెలుసమ్మా. ఫిల్టర్లు, గొట్టాలు, మందునీళ్ళు, అన్నీ యూరోల్లో కొనేవే. నోటు సగమైతే తెల్లారేసరికి అన్నీ రెట్టింపు. ఆరు నెలల్నించీ నీ ముఖంలో అదే కనబడుతోంది నాకు. అడక్కపోయినా.

… నేనా? నేనేం చేశాను. ముసలి పంతుల్ని, ఒక మూల కూర్చోబెట్టారు, కూర్చున్నాను. … కాదు కాదు, అంత లేదు. ఒక కథ చెప్పాను, అంతే. … మన కథే. … ఆ, అదే. అందరి ముందూ చెప్పాను.

ఎలాగంటే… మూడు రోజుల్నించీ మాటలు ఒకచోటే ఆగిపోయాయి. ఆరు దేశాలకీ ఒకటే డబ్బు, ఒకటే ఖజానా. ఆ ఖజానా అడుగు కనబడుతోంది. చమురు మంచి ధర పలికిన రోజుల్లో ఎవరికి వాళ్ళు కొంత తీసి బయటి దేశాల్లో పక్కన పెట్టుకున్నారు. అదంతా ఇంటికి తెచ్చి ఉమ్మడి ఖజానాలో పోస్తే నోటు నిలబడుతుంది. లేకపోతే సగమే. అది గదిలో ఉన్న అందరికీ తెలుసు. కానీ ముందుగా జేబులో చెయ్యి పెట్టేవాడు లేడు. దోన్ ప్లాసిదో అని ఒకాయన ఉన్నాడు, చమురు బాగా ఉన్న దేశం ఆయనది. ‘మా సముద్రం, మా బావి, మా డబ్బు’ అని బల్ల మీద వేలితో కొడతాడు. మూడు రోజులు అదే దరువు.

అప్పుడన్నాను. అయ్యా, నాకు ఈ ఊళ్ళోనే పెళ్ళయింది, టాక్సీ డ్రైవరు చేశాడు అన్నాను. … నవ్వారు. అందరికీ తెలిసిందేగా. డ్రైవర్ల దగ్గర చిల్లర ఉండదు, ఇద్దరికి ఇవ్వాల్సింది కలిపి ఒకే నోటు ఒకరి చేతిలో పెట్టి ‘మీకు పెళ్ళి చేశాను, పోయి మార్చుకోండి’ అనేసి పోతారు. ఆ గదిలో అలా పెళ్ళి కానివాళ్ళు లేరు. బాంగీ నుంచి వచ్చిన మదాం యాకెటెకి నాలుగైదుసార్లు అయిందట.

ఎనభై మూడు, నవంబరు పదిహేడు అని మొదలుపెట్టాను. మెలెన్ దగ్గర దిగాం, నేనూ, ఎవరో తెలియని ఒక అమ్మాయీ. నోటు ఆమె చేతిలో ఉంది. మందుల షాపువాడు మార్చలేదు. కిరసనాయిలు అమ్మేవాడు మార్చలేదు. ఆమెకి క్లాసుకి వేళవుతోంది, నాకు పరీక్ష. వదిలేసి పోదామంటే నోట్లో సగం నాది. తీసుకుపొమ్మందామంటే మొహమాటం. పక్కపక్కన నడుస్తూనే ఉన్నాం. చివరికి బొండాలావిడ, తింటే మారుస్తానంది. తిన్నాం.

… ఊఁ. ‘మీరు బొండా తుంచే పద్ధతి చూసి, పారిపోయే మనిషి కాదనుకున్నాను’ అనేది మీ అమ్మ. అది మాత్రం వాళ్ళకి చెప్పలేదులే. అది మనది.

చివర్లో ఒక్కమాటన్నాను. మన ఆరుగురికీ అలాగే పెళ్ళి చేశారు, చేతిలో ఒకటే నోటు ఉంది, ఎవరో ఒకరు జేబులో పెట్టుకుని సందులోకి తిరిగితే మిగతావాళ్ళు రోడ్డు మీద నిలబడిపోతారు అన్నాను. … దోన్ ప్లాసిదో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని, ‘సరే, మాదీ తెస్తాం’ అన్నాడు.

… ఆ. మీ అమ్మే గెలిపించింది. … ఏడుస్తున్నావా?… సంతోషమేనా. ఊఁ.

ఆందెమె.

ఇంకా అవలేదు తల్లీ. ఇంకొంచెం ఉంది.

… కూర్చున్నావా?… కుర్చీ లాక్కుని కూర్చో. … మామూలుగానే అన్నాను. కూర్చో.

దోన్ ప్లాసిదో ఒప్పుకున్నాక ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. అందరూ లేస్తున్నారు, కాఫీకి. మదాం యాకెటె లేవలేదు. ఆవిడ రోజూ ఇంటి నుంచి వేయించిన వేరుసెనగలు తెచ్చుకుంటుంది, నాకూ పెడుతుంది, పళ్ళు ఉన్నాయా తాతగారూ అంటూ. ఆ గింజలు వొలుస్తూ, నెమ్మదిగా అడిగింది. ‘ప్రొఫెసర్ గారూ, కథ బాగుంది. మరి మీ పిల్లల వాటా?’

… హలో?… ఉన్నావా?

ఆ. అదే. మన చమురులో పుట్టబోయేవాళ్ళ కోసమని పక్కన పెట్టినది. … అవును. దాని వడ్డీయే. నీ రెండో షిఫ్టు దాంతోనే నడుస్తోంది. తెలుసు తల్లీ. నువ్వు ఆ ఆఫీసు చుట్టూ తిరిగినప్పుడు ఫైలు మోసింది నేనే కదా.

లేదు, అది జ్ఞాపకం రాలేదు. నిజం చెప్తున్నాను. కథ చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ జేబులే కనబడ్డాయి నాకు. మనది జేబు అనుకోలేదు. మనది… పిల్లలది అనుకున్నాను. పిల్లలది ఎవరూ అడగరనుకున్నాను.

అడిగాను. ఎందుకడగను? అసలు తీసుకోండి, వడ్డీ మాత్రం వదిలెయ్యండి, ఒక ఊరి ఆసుపత్రి దాని మీద బతుకుతోంది అన్నాను. అసలు వచ్చేశాక వడ్డీ ఎక్కణ్ణుంచి వస్తుంది అంది ఆవిడ. … ముప్ఫై ఏళ్ళు అదే పాఠం చెప్పాను కాలేజీలో.

కాదు, ఎగతాళిగా అనలేదు. అలా అనే మనిషి కాదు. ‘మాకు చమురు లేదు. మా అక్క ఉండే ఊళ్ళో, మీ అమ్మాయి దగ్గరున్నలాంటి యంత్రం ఒక్కటీ లేదు. నోటు సగమైతే అక్కడ జ్వరం మాత్ర కూడా దొరకదు. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారు?’ అంది. అని, వొలిచిన గింజలన్నీ నా వైపు జరిపింది.

… ఒప్పుకున్నాను.

… … ఆందెమె.

… ఆ. అను. ఏమనాలనుంటే అది అను. వింటున్నాను.

… ఊఁ.

… అమ్మ కథతోనే. అవును. అమ్మ కథతోనే అమ్మ వార్డు మూయించాను. ఒక షిఫ్టు. … సరే, సగం. సగమైనా మూయడం మూయడమే.

మర్చిపోలేదు. ఎలా మర్చిపోతాను? వారానికి రెండుసార్లు మీ అమ్మని లిబ్రెవీల్ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాణ్ణి. వెనక సీట్లో దిండ్లు పెట్టి. న్జోలే దగ్గర ఆ వాన… ఆఖరి క్షణాన నేనే కదా ఉంది పక్కన. బండి దిగబడిపోయి. ‘ఇంకెంత దూరమండీ’ అంటే, ఇదిగో వచ్చేశాం అన్నాను. … నువ్వు ఆ తర్వాతే ఉద్యోగం వదిలేసి ఓయెమ్ వచ్చావు. తెలుసు. మొదటి యంత్రం లారీలోంచి దింపినప్పుడు నువ్వు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డావు, గుర్తుందా? గుర్రాన్ని నిమిరినట్టు. ఆ పూట నేను ఇంటికెళ్ళి ఒక్కణ్ణే కూర్చుని…

… ఎందుకు ఒప్పుకున్నానా. చెప్పానుగా. నోటు సగమైతే—

… ఆ పేరు నేనెత్తలేదు. నువ్వే ఎత్తావు.

… లేదు, అక్కడ కూడా ఎత్తలేదు. మింకో గురించి ఎవరికీ చెప్పలేదు. నీ తమ్ముడు, రెండేళ్ళ పిల్లాడు. వాణ్ణి ఆ బల్ల మీద పెట్టి బేరమాడాలనిపించలేదు.

నీకంత గుర్తుందనుకోలేదు. తొమ్మిదేళ్ళు నీకు అప్పుడు. … ఊఁ… మూడు షాపులు. అవును, మూడు. తొంభై నాలుగు జనవరి. రాత్రికి రాత్రి నోటు సగమైంది, కొత్త ధరలు వేసుకోవడానికి మందుల షాపులన్నీ తలుపులేసుకున్నాయి. రేకు తలుపులు. మీ అమ్మ అరిచేతులతో కొట్టింది. … నువ్వు లోపల దీపం చూశావా? ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. … లోపల మనుషులున్నారా.

… రెండో రోజు తీశారు. మందు ఉంది. ధర రెట్టింపు. దొరికింది కూడా. అప్పటికి…

ఆ. అప్పటికి లేడు.

వద్దమ్మా. ఇప్పుడు మనం ఇద్దరం మీ అమ్మనీ వాణ్ణీ చెరోవైపు నిలబెట్టి లాగొద్దు. నాకు చేతకాదు. … మింకో వైపు అని కాదు. ఎవరి వైపూ కాదు. గదిలో కూర్చుంటే ఆ రేకు తలుపులు వినబడ్డాయి, ఆరు దేశాల్లోనూ. అంతే.

… ఏమన్నావు?

… పెట్టకుండా ఉండొచ్చు. నిజమే. నా సంతకం కాదు, మన మంత్రిది. కానీ నేను వద్దంటే ఆయన పెట్టడు. ఆయన నా విద్యార్థే. ఇప్పటికీ నా ముందు కుర్చీ అంచున కూర్చుంటాడు. … అవును, ఒక్కరు తప్పుకున్నా మొత్తం చెల్లదు. దోన్ ప్లాసిదో తనది వెనక్కి తీసుకుంటాడు, అది చూసి మిగతావాళ్ళూ తీసుకుంటారు. … సగమే అవుతుంది మరి.

… పారిపొమ్మంటున్నావా.

… …

ఏడవకు. మాట్లాడు, కానీ ఏడవకు తల్లీ. … మా అమ్మ పేరు పెట్టుకున్నాను నీకు. నువ్వు ఏడిస్తే మా అమ్మ ఏడ్చినట్టే ఉంటుంది నాకు. చిన్నప్పుడు కూడా నిన్ను కొట్టలేకపోయింది అందుకే.

… విన్నాను. ‘ఈ ఒక్కసారి నాన్నా’ అన్నావు. విన్నాను.

… లేదు.

లేదమ్మా. పారిపోను. రేపు ఆయన పక్కనే కూర్చుంటాను.

… నువ్వు ఫోను పెట్టేసినా నాకు కోపం రాదు.

… … పెట్టెయ్యలేదా. ఊఁ.

ఏంటి?… ఎవర్నని? నన్నా చెప్పమంటున్నావు?… వద్దు. అలా చదవకు. … పంతులమ్మ… ఊఁ, చంటిబిడ్డ తల్లి, తెలుసు… టెలిఫోను ఆఫీసులో చేసినాయన… బిటామ్ నుంచి వచ్చే అక్కచెల్లెళ్ళిద్దరూ… ఆపు. ఆందెమె, ఆపు. నేను చెప్పలేను. ఎవర్ని రావద్దనాలో నేనెలా చెప్పను?… నువ్వు మాత్రం ఎలా చెప్తావు. నిజమే. నిజమేనమ్మా. నేను ఒక్కమాటలో ఒప్పుకుని వచ్చేశాను, ఒక్కొక్కళ్ళ పేరూ పిలవాల్సింది నువ్వు.

… ఎవరు? ఎవరు మాట్లాడుతున్నారు వెనకాల?… ఎస్సొనో బావా? పడుకున్నాడన్నావుగా. … అంతా విన్నాడా. నువ్వు ఆయన మంచం పక్కనే కూర్చున్నావా ఇంతసేపూ. అయ్యో.

… ఇవ్వు. ఇవ్వమ్మా, అడుగుతున్నాడుగా.

బావా. … ఆ, నేనే. ఎలా ఉంది ఒంట్లో?… ఆ సూది దగ్గర వాపు తగ్గిందా?… మా అమ్మాయి చెయ్యి బరువంటావా. ఆ మాట దాని ముందే అను, చూద్దాం.

… అవును, సగం చెయ్యట్లేదు. … ఏం, నీకేం నష్టం?… ఓహో. నోటు సగమైతే నీ కోకో రెట్టింపు పలికేది. నిజమేలే. తొంభై నాలుగులో అందరి ఇళ్ళూ కూలితే నీ ఇంటికి రేకులు పడ్డాయి. ఆ రేకులకి నీలం రంగు వేసి ఊరంతా చూపించావు. … రెండో ఇంటిక్కూడా వేద్దామనుకున్నావా? ఈ వయసులో రెండో ఇల్లెవరికి బావా?… హహ. ఆవిడ వింటే నిన్ను గుమ్మంలోకి రానివ్వదు.

… …

ఊఁ. విన్నావన్నమాట.

… ఏం చెప్పను బావా. తప్పలేదు. … కాదు, నీ పేరు అని ఎవరూ అనలేదు. ఎవరి పేరూ అనలేదు. … భయమేస్తోందా. … వెయ్యదా మరి. నాకూ వేస్తోంది.

… ఏంటి? మళ్ళీ చెప్పు.

… పెళ్ళిళ్ళా?

… … ఒక మంచం ఇద్దరికి. ఆ. చిల్లర లేకపోతే పెళ్ళి చెయ్యడమేగా అంటావు. … ఒక వారంలో ఒకరోజు నువ్వు, ఒకరోజు ఇంకొకరు. … ఊఁ. ఎవర్నీ రావద్దనక్కర్లేదు. అవును. అది… అవును బావా.

నవ్వుతున్నాను. లేదు, నవ్వుతూనే ఉన్నాను. గొంతుకి జలుబు చేసింది.

… ఎవరితో కావాలి?… పంతులమ్మతోనా? ముసలాడికి సిగ్గు లేదు. … అడుగు, ఆవిడ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం. కట్నంగా కోకో బస్తా ఇవ్వాలి నువ్వు. … సరే. సరే. పడుకో. రేపు వస్తాను. … ఆ, వస్తాను. నీకు ఇక్కణ్ణుంచి ఏం తేను?… వేరుసెనగలు నీకు పడవు. … సరే, రెండే గింజలు. అమ్మాయికి ఇవ్వు ఫోను.

… ఆ. నేనే.

విన్నావా ఏమన్నాడో. … ఆలోచిస్తున్నావా. అలా చెయ్యొచ్చా, వైద్యం ప్రకారం?… ఊఁ. ఇప్పుడు వారానికి రెండుసార్లే ఇస్తున్నావు, అదే తక్కువ. అది ఒకటవుతుంది. … ఒకటి ఎవరికి సరిపోతుంది?

… ఎవరికీనా.

… అంటే ఎన్నాళ్ళని… వద్దు. చెప్పకు. … సరే చెప్పు. … … ఊఁ.

… అలాగే. నువ్వు అదే చేస్తానంటే అదే. ఎవర్నీ గుమ్మం దగ్గర ఆపలేవు నువ్వు. మీ అమ్మ కూడా ఆపలేకపోయేది.

… నాకూ అదే అనిపించింది. బావ పంతులమ్మని ఊరికే అడగలేదు. తన వంతు రోజు కాలు నొప్పనో, కోకో కోతలనో చెప్పి రాడు. ఆ పూట కూడా ఆమెకే వదిలేస్తాడు. … నువ్వు మనిషిని పంపిస్తావా? పంపించు. అయినా రాడు. నాకు తెలుసు వాణ్ణి, నా చిన్నప్పటి నుంచీ.

… చెప్పు. … ఇంటికి కాదా? నేరుగా వార్డుకా?

… నేనే చెప్పాలా.

… చెప్తాను. న్యాయమే. రేపు బండి దిగి నేరుగా వస్తాను. అందర్నీ కూర్చోబెట్టి ఒక్కసారి కాదు, ఒక్కొక్కరి మంచం దగ్గరా కూర్చుని చెప్తాను. ఏం తెచ్చానో, దేనికి బదులు తెచ్చానో. … తిడితే తిట్టనీ. నువ్వు పక్కన ఉండక్కర్లేదు. … ఉంటావా.

… ఉంటే మంచిది.

ఎనిమిదవబోతోందా? రేడియో కట్టేయించు, మీ వార్డులో. ఈ ఒక్క పూట వాళ్ళకి తెలియనివ్వకు. పంతులమ్మ చప్పట్లు కొట్టింది కదా. ఇవాళ్టికి ఆ చప్పట్లు ఉండనీ.

… అయిపోయిందా? యంత్రం ఆగింది, ఆ కూత లేదు. … బావని ఎవరు తీసుకెళ్తారు?… ఆవిడొచ్చిందా గొడుగేసుకుని. వానా అక్కడ? ఇక్కడ లేదు. ఇక్కడ చల్లగా ఉంది, వరండా చివర కాపలా ఆయన లాంతరు తెచ్చి నా దగ్గర పెట్టి వెళ్ళాడు. అడగలేదు, తనే పెట్టాడు. … బావా, మెల్లగా, అని చెప్పు. మెట్లు తడిగా ఉంటాయి.

… తింటాను. నువ్వు తిను ముందు. … బొండాలు ఎక్కడ దొరుకుతాయిలే ఇప్పుడు. … నేనా? నా పొట్లం అయిపోయింది, మీ అమ్మదే ఉంది. … తినమంటావా? చల్లారిపోయినా?… సరే. నువ్వు వింటుండు, తింటాను.

… ఊఁ. బాగానే ఉంది. కొంచెం గట్టిపడింది. ఈ ఒక్కటి ఎక్కువేసినది.

… నడుస్తున్నావా? అడుగులు వినబడుతున్నాయి. … నడవాలో ఎవరు?… రేపటి షిఫ్టు వాళ్ళా. రాత్రే వచ్చి పడుకున్నారా, చాపలేసుకుని. … బిటామ్ అక్కచెల్లెళ్ళేనా? ఒకే దుప్పటా. … వాళ్ళకి రేపు పొద్దున్నే తెలుస్తుంది. నేను వచ్చేసరికి తెలిసిపోతుందేమో. … ఊఁ. నిద్రపోనీ.

లోపలి తలుపు వేస్తున్నావా?… ఫోను పెట్టెయ్యనా?… ఉంచమంటావా. సరే. ఉంటాను.

… మెల్లగా తల్లీ. ఆ తలుపు కింద గీసుకుంటుంది, కొంచెం పైకెత్తి వెయ్యి. లేస్తారు వాళ్ళు.

… ఆ.

… పడింది. ఏమీ చప్పుడు కాలేదు.